తాళం చెవి లేని గేమ్: అవుటర్ వైల్డ్స్ పజిల్స్ వెనక ఉన్న కథ

మామూలుగా గేముల్లో ఒక తలుపు మూసి ఉందంటే దాని చెవి ఇంకెక్కడో ఉంటుంది, లేదా ఒక బాస్‌ని (లెవెల్ చివర ఎదురయ్యే పెద్ద శత్రువుని) కొడితే కొత్త పవర్ వస్తుంది, దాంతో తిరిగొచ్చి ఆ గోడ ఎక్కుతాం. లెవెల్ పెరుగుతుంది, గన్ మారుతుంది, మ్యాప్ ఓపెన్ అవుతుంది. మనకి ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇలా లేని గేమ్ ఒకటి ఉందంటే ముందు అర్థమే కాదు. 2019 మే నెలలో వచ్చిన అవుటర్ వైల్డ్స్ సరిగ్గా అలాంటి గేమ్. మొదట్లోనే మీ చేతికి ఒక చెక్క స్పేస్‌షిప్, ఒక స్పేస్‌సూట్, దూరంగా ఉన్న శబ్దాలు పట్టుకునే సిగ్నల్‌స్కోప్, ఫోటోలు తీసే చిన్న స్కౌట్, పాత రాతలు చదివే ట్రాన్స్‌లేటర్ ఇచ్చేస్తారు. గేమ్ ఎండింగ్ దాకా అవే. ఒక్క అప్‌గ్రేడ్ లేదు, ఎక్స్‌పీ (ఆడేకొద్దీ పెరిగే అనుభవం లెక్క) లేదు, పాయింట్లు లేవు. పెరిగేదల్లా మీకు తెలిసిన విషయాలు. అన్నీ తెలిసినవాళ్ళయితే కొత్తగా మొదలుపెట్టినా మొదటి అరగంటలోనే చివరి దాకా వెళ్ళిపోవచ్చు, ఆపే తాళం ఎక్కడా లేదు. ఏమీ తెలియనివాళ్ళకి మాత్రం పాతిక ముప్పై గంటలు పట్టేస్తుంది.

ఇది వినడానికి సింపుల్‌గా ఉంది గానీ తయారుచేసేవాళ్ళకి చుక్కలు చూపించే ఐడియా. ఎందుకు అంత కష్టం, వాళ్ళు దాన్ని ఎలా దాటారు అన్నది చెప్పాలనే ఈ వ్యాసం. ముందే ఒక మాట: ఎండింగ్ చెప్పను, పెద్ద రహస్యాలు చెప్పను, కానీ పజిల్ ఎలా కట్టారో చూపించాలంటే ఒక్క గ్రహం గుట్టు పూర్తిగా విప్పక తప్పదు. ఆ ఒక్కటి కూడా తెలియకుండా ఆడాలనుకునేవాళ్ళు జెయింట్స్ డీప్ అన్న పేరు కనపడగానే ఆ రెండు మూడు పేరాలు వదిలేసి కిందకి వెళ్ళిపోండి.

ఇది ఒక పెద్ద కంపెనీ బోర్డ్‌రూమ్‌లో పుట్టిన గేమ్ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియాలో అలెక్స్ బీచమ్ అనే కుర్రాడు మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన ప్రాజెక్ట్, అతనితో పాటు కొంతమంది స్టూడెంట్లు. తర్వాత మోబియస్ డిజిటల్ అనే చిన్న స్టూడియో దాన్ని తీసుకుంది. ఆ స్టూడియో పెట్టింది మాసీ ఓకా, అదే 'హీరోస్' అనే అమెరికన్ టీవీ సీరియల్లో టైమ్‌ని ఆపేసే హిరో నకమురా పాత్ర వేసిన నటుడు, నటనలోకి రాకముందు ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో విజువల్ ఎఫెక్ట్స్ ప్రోగ్రామర్‌గా పనిచేసిన మనిషి. 2015లో గేమ్ ఇంకా సగంలో ఉండగానే ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రైజ్ కొట్టేసింది, డిజైన్ అవార్డ్ కూడా దానికే. అదే ఏడాది ఫిగ్ అనే క్రౌడ్‌ఫండింగ్ (జనం దగ్గర డబ్బు పోగుచేసే) సైట్ మొదలైనప్పుడు దాంట్లో మొట్టమొదటి ప్రాజెక్ట్ ఇదే, లక్షా పాతిక వేల డాలర్లు అడిగి ఆ మార్క్ దాటింది. ఆ తర్వాత అన్నపూర్ణ ఇంటరాక్టివ్ పబ్లిషర్‌గా వచ్చింది (మన హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌కి దీనికి ఏ సంబంధం లేదు, ఇది అమెరికాలో మేగన్ ఎలిసన్ పెట్టిన సంస్థ). ఫెస్టివల్లో గెలిచిన తర్వాత కూడా రిలీజ్‌కి నాలుగేళ్ళు పట్టిందంటే ఆ నాలుగేళ్ళు ఏం చేశారు అనేది అసలు ప్రశ్న. 2020లో బ్రిటన్ వాళ్ళ బాఫ్టా అవార్డుల్లో బెస్ట్ గేమ్ అవార్డ్ వచ్చిందంటే ఆ నాలుగేళ్ళ పనికే వచ్చిందని నా నమ్మకం.

ఇప్పుడు విషయంలోకి వద్దాం. గేమ్‌లో మీరు టింబర్ హార్త్ అనే చిన్న అడవి గ్రహం మీద ఉండే నాలుగు కళ్ళ జీవి, మీ ఊరి స్పేస్ ప్రోగ్రామ్‌లో కొత్తగా చేరిన వ్యోమగామి. బయల్దేరిన 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు, అందరూ పోతారు, మీరు మళ్ళీ అదే మంట పక్కన నిద్ర లేస్తారు. మళ్ళీ 22 నిమిషాలు. ఇదే టైమ్ లూప్. చాలామంది దీన్ని కథ కోసం పెట్టిన ట్విస్ట్ అనుకుంటారు, నా దృష్టిలో ఇది ముందు ఇంజనీరింగ్ అవసరం, ఆ తర్వాతే కథ. ఎందుకంటే ఈ గేమ్‌లో గ్రహాలు బొమ్మల్లా కూర్చోవు, మారిపోతూ ఉంటాయి. యాష్ ట్విన్, ఎంబర్ ట్విన్ అని రెండు జంట గ్రహాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి, ఒకదాని మీదున్న ఇసుకంతా ఒక స్తంభంలా రెండోదాని మీదకి కారిపోతూ ఉంటుంది. లూప్ మొదట్లో ఎంబర్ ట్విన్ గుహలన్నీ ఖాళీ, లోపల ఒక పాడుబడ్డ నగరం మొత్తం తిరగొచ్చు. కాసేపయ్యాక అదే గుహలో ఇసుక మట్టం పెరుగుతూ వచ్చి పైకప్పుకి మిమ్మల్ని నొక్కి చంపేస్తుంది. అదే టైమ్‌కి అవతల గ్రహం మీద ఇన్నాళ్ళూ ఇసుక కింద కప్పబడిపోయిన కట్టడాలు ఒక్కొక్కటే బయటపడుతుంటాయి. బ్రిటిల్ హాలో అనే ఇంకో గ్రహం లోపలంతా డొల్ల, మధ్యలో బ్లాక్ హోల్, దాని చందమామ నిప్పురాళ్ళు విసురుతుంటే పైపొర ముక్కలు ముక్కలుగా విరిగి అందులో పడిపోతుంటాయి, పడినవి సౌర మండలం చివర్లో ఉన్న వైట్ హోల్ లోంచి బయటకొచ్చి తేలుతుంటాయి.

ఇంత నాశనం ఒకసారి జరిగాక వెనక్కి తిరిగిరాదు కదా, ప్లేయర్ ఒక గుహ మిస్ అయితే ఇక జన్మలో చూడలేడు. అందుకని టైమ్ లూప్. ప్రపంచాన్ని నిజంగా కూలిపోనివ్వాలంటే దాన్ని మళ్ళీ నిలబెట్టే దారి ఒకటి ఉండాలి, వాళ్ళు ఆ దారినే కథగా మార్చారు. దాంతో పజిల్స్‌కి ఒక కొత్త రకం చెవి దొరికింది, అదే టైమ్. ఎక్కడికి వెళ్ళాలో తెలిస్తే చాలదు, ఎప్పుడు వెళ్ళాలో కూడా తెలియాలి. ఒక చోటైతే (ఎక్కడో చెప్పను) దారి విరిగిపోయి ఉంటుంది, మనం ఎక్కడానికి నానా తంటాలు పడతాం, సూట్‌కి ఉన్న జెట్‌ప్యాక్ కాల్చేస్తాం, చివరికి తేలేదేంటంటే అక్కడ చేయాల్సింది ఏమీ లేదు, ఊరికే వెయిట్ చేయాలి. ఆ సంగతి వెలిగినప్పుడు వచ్చే ఆనందం ఏ బాస్ ఫైట్‌లోనూ నాకు రాలేదు.

ఇక్కడ టెక్నికల్ చిక్కు ఒకటి ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను ఎందుకంటే మన దగ్గర గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న పిల్లలకి ఇది పనికొస్తుంది. చాలా స్పేస్ గేముల్లో గ్రహం అనేది కదలదు, ఆకాశం తిప్పి కదిలినట్టు చూపిస్తారు, లేదా గ్రహం దగ్గరికి వెళ్ళగానే లోడింగ్ పెట్టి వేరే సీన్‌లోకి తీసుకెళ్తారు. అవుటర్ వైల్డ్స్‌లో ఆ మోసం లేదు. మీరు ఎక్కడున్నా మిగతా గ్రహాలన్నీ గ్రావిటీ లెక్కల ప్రకారం నిజంగానే తిరుగుతూ ఉంటాయి, ఇసుక నిజంగా కారుతూ ఉంటుంది, మీరు చూడకపోయినా. గేమ్ చేసింది యూనిటీ ఇంజిన్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్). అలాంటి ఇంజిన్ ఒక వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే నంబర్‌కి 32 బిట్లే వాడుతుంది, అంటే సుమారు ఏడు అంకెల వరకే కచ్చితత్వం. సున్నా (దూరాలన్నీ కొలవడం మొదలయ్యే కేంద్రం) దగ్గర ఉన్నంతసేపూ మిల్లీమీటర్ తేడా కూడా పట్టుకుంటుంది, సున్నాకి చాలా దూరం పోయేకొద్దీ పెద్ద అంకెలే ఆ ఏడు స్థానాలూ తినేస్తాయి, చిన్న తేడాలకి చోటుండదు, అప్పుడు మీ చేయి, షిప్, నేల అన్నీ వణకడం మొదలెడతాయి. పైగా గ్రహం స్పీడ్‌గా కదులుతుంటే దాని మీద నడిచే మనిషి కాళ్ళకి నేల సరిగ్గా తగలాలి, అది ఇంకో తలనొప్పి.

వీళ్ళు చేసిన పని ఏంటంటే ప్లేయర్‌ని ఎప్పుడూ సున్నా దగ్గరే పట్టి ఉంచారు. మీరు షిప్ ఎక్కి ముందుకు పోతున్నారు అనుకుంటారు గానీ లెక్కల్లో మీరు కదలట్లేదు, సూర్యుడితో సహా సౌర మండలం మొత్తాన్నీ మీ చుట్టూ జరుపుతున్నారు. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే చెట్లే వెనక్కి పరిగెడుతున్నట్టు ఉంటుంది చూడండి, ఇక్కడ అది భ్రమ కాదు, కంప్యూటర్ లోపల నిజంగా జరుగుతున్నది అదే. గ్రహాల సైజు కూడా బాగా తగ్గించారు, కొన్ని వందల మీటర్లే, ఒక గ్రహం చుట్టూ నడిచి రావడానికి నిమిషాలు చాలు. దానివల్ల ఇంకో లాభం, ఒక గ్రహం మీద నిలబడి తల ఎత్తితే మిగతా గ్రహాలు కంటికి కనపడతాయి, అక్కడ ఏదో కూలుతున్నట్టు, ఇక్కడ ఏదో మెరిసినట్టు. ప్లేయర్‌ని ముందుకు లాగేది ఆ ఆకాశమే, బాణం గుర్తులు ఏమీ ఉండవు.

ఫిజిక్స్ నిజం కాబట్టి షిప్ నడపడం కూడా కష్టమే. అంతరిక్షంలో ఇంజిన్ ఆపితే షిప్ ఆగదు, అదే వేగంతో పోతూనే ఉంటుంది, ఆగాలంటే ఎదురు దిశలో ఇంజిన్ కాల్చాలి. దిగాల్సిన గ్రహం కూడా కదులుతోంది కాబట్టి ముందు దాని వేగానికి మన వేగం కలుపుకోవాలి, దానికి ఒక బటన్ ఇచ్చారు. ఆటోపైలట్ కూడా ఉంది, కానీ అది గమ్యానికి నేరుగా గీత గీసుకుని పోతుంది, మధ్యలో సూర్యుడు అడ్డం ఉన్నా సరే. కొత్తవాళ్ళు చాలామంది ఆటోపైలట్ నొక్కి మ్యాప్ చూస్తూ కూర్చుని తిన్నగా సూర్యుడిలోకి పోతారు. అది కూడా ఒక పాఠమే, ఈ ప్రపంచం మనకోసం రూల్స్ మార్చదు అని మొదటి రోజే తెలిసిపోతుంది.

సరే, ఇప్పుడు జెయింట్స్ డీప్. పచ్చటి మబ్బులు కమ్మేసిన నీళ్ళ గ్రహం, దిగగానే వాన, గాలి, సముద్రం మీద పెద్ద పెద్ద సుడిగాలులు తిరుగుతుంటాయి. చిన్న చిన్న ద్వీపాలు ఉంటాయి, సుడిగాలి తగిలితే ద్వీపం మొత్తం, మీతో సహా, మబ్బులు దాటి అంతరిక్షంలోకి లేచిపోయి మళ్ళీ దభీమని నీళ్ళలో పడుతుంది. మొదటిసారి అది జరిగినప్పుడు గుండె నోట్లోకి వస్తుంది. గ్రహం నడిమధ్యలో ఏదో ఉంది అని మెల్లగా తెలుస్తుంది. షిప్‌తో సహా నీళ్ళలో మునుగుదాం అనుకుంటే కాస్త లోతుకి వెళ్ళాక ఒక బలమైన ప్రవాహం, ఎంత తోసినా కిందకి పోనివ్వదు. మామూలు గేమ్ అయితే ఇక్కడే "మీ షిప్‌కి హెవీ ఇంజిన్ కావాలి" అని చెప్పి ఎక్కడికో పంపేస్తుంది.

ఇక్కడ జవాబు వేరే గ్రహం మీద ఉంది. బ్రిటిల్ హాలో దక్షిణ ధ్రువం దగ్గర వేలాడుతూ ఒక అబ్జర్వేటరీ ఉంటుంది, కాలు జారితే కింద బ్లాక్ హోలే. నోమాయ్ అనే మూడు కళ్ళ పాత జాతి వాళ్ళు ఎప్పుడో కట్టింది. వాళ్ళు అక్కడ కూర్చుని జెయింట్స్ డీప్ సుడిగాలుల మోడల్ చేసి పెట్టుకున్నారు. ఆ మోడల్ చూస్తే, వాళ్ళ రాతలు చదివితే తేలేది ఒక్కటే విషయం: సుడిగాలులన్నీ ఒకవైపు తిరుగుతూ పైకి విసురుతాయి, ఒక్కటి మాత్రం ఎదురు దిక్కున తిరుగుతుంది, అది కిందకి తోస్తుంది. అంతే. తిరిగొచ్చి ఆ ఒక్క సుడిగాలిని వెతికి అందులోకి షిప్ పోనిస్తే ప్రవాహం కిందకి పడిపోతారు. దాని కింద ఇంకో ఆటంకం ఉంది, కేంద్రం చుట్టూ కరెంట్ పొర, ముట్టుకుంటే పోతారు. పక్కనే పెద్ద పెద్ద జెల్లీఫిష్‌లు పైకీ కిందకీ ఈదుతూ ఆ పొరని హాయిగా దాటుతుంటాయి. డార్క్ బ్రాంబుల్ అనే ముళ్ళ గ్రహంలో గడ్డకట్టుకుపోయిన జెల్లీఫిష్ ఒకటి ఉంటుంది, దాన్ని కనిపెట్టిన ఫెల్డ్‌స్పార్ అనే మన ఊరి వ్యోమగామి నోట్ చదివితే దాని లోపలికి కరెంట్ పోదని తెలుస్తుంది. షిప్ దిగి, ఈది, జెల్లీఫిష్ కింద నుంచి లోపల దూరి, దాంతో పాటే దిగిపోవడమే.

ఇందులో చూడాల్సింది ఏంటంటే ఆ సుడిగాలి మొదటి లూప్ నుంచీ మీ కళ్ళ ముందే తిరుగుతోంది. జెల్లీఫిష్ కూడా అంతే. గేమ్ ఏదీ దాచలేదు, ఏదీ లాక్ చేయలేదు, మీరు చూశారు గానీ పట్టించుకోలేదు. పజిల్‌కి నిజాయితీ అంటే నాకు ఇదే. జవాబు తెలిశాక "ఇది నాకెలా తెలుస్తుంది" అని కోపం రాకూడదు, "అరె, ఎదురుగానే ఉందే" అనిపించాలి. అలా అనిపించాలంటే ప్రపంచంలో ప్రతి రూల్ అన్ని చోట్లా ఒకేలా పనిచేయాలి. ఒక సుడిగాలి కథ కోసం ఒకలా, పజిల్ కోసం ఇంకోలా ప్రవర్తిస్తే ప్లేయర్ ఇక దేన్నీ నమ్మడు. గ్రహాలన్నీ నిజంగా తిరగాలని అంత పట్టు పట్టింది అందుకే.

రెండో చిక్కు, నా లెక్కలో మొదటిదానికన్నా పెద్దది, రైటింగ్‌లో. ప్లేయర్ ఏ గ్రహానికి ముందు వెళ్తాడో ఎవరికీ తెలియదు. ఒకడు తిన్నగా ముళ్ళ గ్రహానికి పోతాడు, ఇంకొకరు ముందు చందమామ చూస్తారు. అంటే ప్రతి గోడ మీద రాసే ప్రతి మాటా, మొదట చదివినవాళ్ళకీ అర్థం కావాలి, చివర్లో చదివినవాళ్ళకీ బోర్ కొట్టకూడదు. ఈ పని చేసింది కెల్సీ బీచమ్, అలెక్స్ వాళ్ళ చెల్లెలో అక్కో అన్నది పక్కన పెడితే ఇంట్లోని మనిషే, తోబుట్టువు. నోమాయ్ వాళ్ళ రాత గుండ్రటి చుట్టల్లా ఉంటుంది, ఒక చుట్టలోంచి ఇంకో చుట్ట కొమ్మలా బయల్దేరుతుంది, అది మొదటివాళ్ళ మాటకి ఇంకొకరు ఇచ్చిన రిప్లై. ఒకే గోడ మీద ఇద్దరు వాదించుకుంటారు, మధ్యలో పిల్లాడు వచ్చి ఏదో రాస్తాడు, వాళ్ళ మాటల్లోనే క్లూ ఉంటుంది. "ఇది చెయ్యి, అక్కడికి పో" అని ఎవరూ చెప్పరు, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటూ మాట్లాడుకున్న మాటలు మనం చదువుతున్నాం అంతే. తెలుగులో ఈ గేమ్ లేదు, ఇంగ్లీష్ చదవడం చాలానే ఉంటుంది, కానీ వాక్యాలు చిన్నవి, రోజూ మాట్లాడుకునే భాషే, భయపడక్కర్లేదు.

అయినా మనిషి బుర్రకి ఇంత గుర్తుండదు కదా. దానికి షిప్ లాగ్. షిప్‌లో వెనక ఒక కంప్యూటర్, మీరు చూసిన ప్రతి చోటూ ఒక కార్డ్‌గా చేరుతుంది, ఏ చోట దొరికిన క్లూ ఏ చోటికి దారి తీస్తుందో గీతలు గీసి చూపిస్తుంది. చచ్చి లేచినా అది చెరిగిపోదు. ఒక చోట ఇంకా చూడాల్సింది మిగిలి ఉంటే "ఇక్కడ ఇంకా ఉంది" అని మాత్రం చెబుతుంది, ఏముందో చెప్పదు. దీన్ని డిజైన్ చేయడం కత్తి మీద సాము. కాస్త ఎక్కువ చెబితే అది క్వెస్ట్ లిస్ట్ (చేయాల్సిన పనుల జాబితా) అయిపోతుంది, ప్లేయర్ ఆలోచించడం మానేసి టిక్కులు కొట్టుకుంటూ పోతాడు. కాస్త తక్కువ చెబితే వారం గ్యాప్ ఇచ్చి వచ్చినవాళ్ళకి ఏమీ గుర్తురాక గేమ్ వదిలేస్తారు. వాళ్ళు నిలబడ్డ చోటు నాకైతే సరిగ్గా మధ్యలోనే అనిపించింది. ఇంకో చిన్న సంగతి, మొదట్లో షిప్ ఎక్కాలంటే ఊరి అబ్జర్వేటరీలో ఉన్న హార్న్‌ఫెల్స్ దగ్గర లాంచ్ కోడ్స్ తీసుకోవాలి. లూప్ మళ్ళీ మొదలయ్యాక అడగక్కర్లేదు, ఎందుకంటే ఆ కోడ్స్ ఇప్పుడు మీకు తెలుసు. గేమ్ మొత్తం రూల్‌ని మొట్టమొదటి తలుపు దగ్గరే చేసి చూపించేశారు, అదీ మనం గమనించకుండానే. ఆ అబ్జర్వేటరీలో ఉన్న మ్యూజియం కూడా అంతే, టైంపాస్‌కి పెట్టినట్టు కనిపించే ప్రతి వస్తువూ తర్వాత ఎక్కడో ఒక పజిల్‌కి పనికొస్తుంది.

ఆ మ్యూజియంలోనే ఒక రాయి ఉంటుంది, మీరు తల తిప్పి మళ్ళీ చూస్తే చోటు మారిపోతుంది. క్వాంటమ్ పజిల్స్ అన్నీ దీని మీదే. రూల్ ఏంటంటే చూస్తున్నంతసేపు కదలదు, చూపు మరల్చితే కదులుతుంది. కోడ్ పరంగా ఇంజిన్ చూసేది ఆ వస్తువు మీ కెమెరా చూపులో ఉందా లేదా అనే. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు, చీకట్లో ఉంటే చూడనట్టే లెక్క, స్కౌట్ తీసిన ఫోటోని చూస్తూ ఉంటే ఆ వస్తువుని చూస్తున్నట్టే లెక్క. టార్చ్, కెమెరా అనే మామూలు వస్తువులు అక్కడి నుంచి పజిల్ చెవులైపోతాయి. నిజమైన క్వాంటమ్ ఫిజిక్స్ ఇలా రాళ్ళ సైజులో జరగదు, అక్కడ 'గమనించడం' అంటే ఏదైనా పరికరంతో కొలవడం, మనిషి కళ్ళతో చూడటం కాదు, అది వేరే సంగతి. గేమ్ మాత్రం తన రూల్ ఒక్కసారి చెప్పాక దాన్ని ఎక్కడా తప్పలేదు.

మ్యూజిక్ ఆండ్రూ ప్రాలో చేశారు. ఒక్క సంగతి చెబుతా. మన ఊరి వ్యోమగాములు ఐదుగురు ఐదు చోట్ల ఉంటారు, ఒకరు బాంజో, ఒకరు ఫ్లూట్, ఒకరు డ్రమ్స్, ఒకరు హార్మోనికా, ఒకరు ఈల. సిగ్నల్‌స్కోప్ ఆకాశం వైపు పెట్టి తిప్పితే ఒక్కొక్కరి వాయిద్యం వినిపిస్తుంది. అందరూ వాయించేది ఒకే పాట. సౌర మండలం అంచుకి పోయి వెనక్కి తిరిగి స్కోప్ పెడితే అందరూ ఒకే వైపు ఉంటారు కాబట్టి ఆ వాయిద్యాలన్నీ కలిసి పూర్తి పాట అవుతుంది. దీనికి పాయింట్లు రావు, ఎవరూ చెయ్యమని చెప్పరు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇసుక మీద ఆధారపడ్డ పజిల్స్‌లో ఒక్కసారి దారి తప్పితే మళ్ళీ లూప్ మొదటి నుంచి రావాల్సిందే, జవాబు తెలిసి కూడా చేతకాక మళ్ళీ మళ్ళీ అదే దారిలో పరిగెత్తడం విసుగే. మంట దగ్గర కునుకు తీస్తే టైమ్ త్వరగా గడుస్తుంది, లూప్‌ని మధ్యలోనే ముగించే పద్ధతి కూడా ఒకరు నేర్పిస్తారు, కానీ ఆ మనిషిని వెతికి మాట్లాడితేనే. అది ముందే ఇచ్చి ఉంటే కొంతమంది గేమ్ మధ్యలో వదిలేసేవాళ్ళు కాదు అనిపిస్తుంది. డార్క్ బ్రాంబుల్‌లో భయం కూడా కొందరికి మరీ ఎక్కువ.

2021 సెప్టెంబర్‌లో 'ఎకోస్ ఆఫ్ ది ఐ' అని ఎక్స్‌పాన్షన్ (అదే గేమ్‌కి అదనపు భాగం) వచ్చింది. అప్పటికే అన్నీ తెలిసిపోయిన ప్లేయర్‌కి అదే సౌర మండలంలో, అదే 22 నిమిషాల్లో, కొత్త రహస్యం దాచాలి. వాళ్ళు కొత్త గ్రహం తెచ్చి ఎదురుగా అతికించలేదు, ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నా మీరు చూడలేని చోట పెట్టారు, దాన్ని కనిపెట్టడమే మొదటి పజిల్. అక్కడ రాతలు దాదాపు ఉండవు, బొమ్మల స్లైడ్లు చూసి కథ అల్లుకోవాలి. చీకటి, భయం పాళ్ళు ఎక్కువే, అందుకే సెట్టింగ్స్‌లో భయం తగ్గించే ఆప్షన్ పెట్టారు, ఇబ్బంది అనిపిస్తే మొహమాటం లేకుండా ఆన్ చేసుకోండి, పజిల్స్ ఏమీ మారవు.

ఆడాలనుకునేవాళ్ళకి: కంట్రోలర్ ఉంటే అదే వాడండి, కీబోర్డ్‌తో షిప్ నడపడం కష్టం. మెయిన్ గేమ్ పూర్తిగా అయ్యాకే ఎక్స్‌పాన్షన్ పెట్టుకోండి. ఇరుక్కుపోతే యూట్యూబ్ తెరవకండి, షిప్ లాగ్ తెరిచి ఇంకా చూడాల్సింది మిగిలిన ఇంకో గ్రహానికి పొండి, మీ జవాబు చాలావరకు అక్కడే రాసి ఉంటుంది. గైడ్ చూసి తెలుసుకున్నది మళ్ళీ మర్చిపోలేం కదా, ఇందులో ఆడటానికి ఉన్నదే ఆ తెలుసుకోవడం.